రాని వన్స్ మోర్

ఆయన దోహా వస్తున్నాడని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. తొంభైల్లో సంగతి. నేను అల్ ఘర్రాఫాలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవర్ని. ఆయన పద్యనాటకాలకు సంగీతం కట్టి పేరు తెచ్చుకున్న మనిషి. మావాళ్ల లేబర్ క్యాంపుల్లో ఏ గదికి వెళ్లినా ఆయన క్యాసెట్టే.

అంతకు పాతికేళ్ల ముందు ఒకే నాటక కంపెనీలో ఆయన హార్మోనియం వాయించేవాడు, నేను తెర లాగేవాణ్ణి. నాకు సంగీతం ఎవరూ నేర్పలేదు. తాడు పట్టుకుని నిలబడి, విని విని నేర్చుకున్నాను. బిడ్డను పోగొట్టుకున్న రాజు పద్యం ఒకటి ఉండేది. చివరి పాదంలో అందరూ గొంతు పైకెత్తి రాగం లాగేవారు, జనం చేత వన్స్ మోర్ అనిపించుకోవడానికి. ఒక మధ్యాహ్నం నేను తెర మడతపెడుతూ ఆ పాదాన్ని కిందికి దించి పాడుకుంటున్నాను. ఏడ్చి అలిసిపోయినవాడి గొంతు అలాగే ఉంటుంది గదా. ఆయన విన్నాడు.

"ఇంకోసారి అనరా" అన్నాడు. అన్నాను.

నెల తిరక్కుండా ఆ వరస స్టేజీ ఎక్కింది, ఆయన పేరు మీద. ఊళ్లకు ఊళ్లు వన్స్ మోర్ కొట్టాయి. ఆయన మూడోసారి కూడా పాడించేదాకా నేను తాడు పట్టుకుని కాచుక్కూర్చునేవాణ్ణి.

అల్ ముంతజాలో ఒక హాలు. శుక్రవారం మధ్యాహ్నం. తెలుగు ఇంజనీర్ల కుటుంబాలు ఆయన్ని పిలిపించాయి. "డ్రైవర్ గారూ, ముందు వరసలు ఫ్యామిలీలకండీ" అన్నాడొక కుర్ర ఇంజనీరు. వెనక్కి పోయి కూర్చున్నాను. ఆ పద్యం వరస తెర లాగేవాడిదని ఆయన నోట ఒక్కసారి వినాలి. అంతే నాక్కావలసింది.

నాటకాలు తగ్గాక ఆయన ఇలా దేశాలు తిరిగి పాత పద్యాలే పాడుతున్నాడట. కాలు హార్మోనియం విమానంలో రాదు గనక ఎవరి పిల్లలదో కీబోర్డు పెట్టారు. దాని మెట్లు తడుముకుంటున్నాడు. భుజం మీద శాలువా మాత్రం కొత్తది. నా కళ్లు దాని మీదే.

రాజు పద్యం పాడాడు. చివరి పాదం దించాడు. నేను దించినట్టే, పాపిష్టి మనిషి, వెంట్రుకవాసి తేడా లేకుండా! హాలు కిమ్మనలేదు. పద్యం అయిపోయిందని కూడా వాళ్లకు తెలిసినట్టు లేదు. ఆయన మెట్టు మీద వేలు తియ్యకుండా జనంలోకి చూస్తున్నాడు. దేనికోసం చూస్తున్నాడో ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. పళ్లు బిగించాను. నా వరసకు రావలసిన వన్స్ మోర్ నేనే తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టనా?

"సార్, ఏదైనా హుషారైంది పాడండి!" అన్నారెవరో. చప్పట్లు.

తర్వాత టీ దగ్గర భుజం మీద చెయ్యి పడింది. "ఒరేయ్ తెరగా! చూశావా, ఒక్కడంటే ఒక్కడు వన్స్ మోర్ అనలేదు."

"వీళ్లకేం తెలుసండీ."

"అనుంటే, మళ్లీ పాడేముందు నీ పేరు చెబుదామనుకున్నా. వెనక కుర్చీలో నిన్ను చూశాగా."

"ఊళ్లకు ఊళ్లు అన్నప్పుడు చెప్పలేదేమండీ?"

టీ ఊదుకున్నాడు. "అప్పుడు నువ్వు తెర వెనకాల ఉన్నావు గదరా."

అది నిజమో, ఆ టీ చల్లారేలోపు పుట్టిన అబద్ధమో నాకిప్పటికీ తేలలేదు. నిజమే అయితే నా పేరుకు అడ్డం పడింది ఆ రోజు వన్స్ మోర్ అనని నా నోరే. అందుకని అబద్ధమనే అనుకుంటున్నాను.