దారం లాగితే విడిపోయే బొంత

నా చిన్నప్పటి సంగతి చెప్పమంటే చెబుతాను గానీ, ముందే అంటున్నాను, ఇందులో మంచివాళ్లెవరూ లేరు. మా నాయనమ్మ మంచిది కాదు. గోడవతలామె అంతకన్నా కాదు. నేనైతే మరీ కాదు, పదేళ్లకే ఇంట్లో మాట బయటికీ బయటి మాట ఇంట్లోకీ మోసి బెల్లం ముక్క సంపాదించుకునే పిల్లని. మనుషులు ఒకరినొకరు హత్తుకుని కళ్లు తుడుచుకునే కథ కావాలంటే ఇంకెవరినైనా అడగండి.

మాది లక్డారం. అప్పుడప్పుడే పటాన్‌చెరు చుట్టూ కంపెనీలు లేస్తున్నాయి. మా నాయన పొద్దున చేను చూసుకుని, మధ్యాహ్నం సైకిలెక్కి షిఫ్టుకు పోయేవాడు. మాకూ పక్కింటికీ నడుమ నడుమెత్తు మట్టిగోడ. గోడవతలామె మందుల కంపెనీలో సీసాలు కడిగే పనికి పోయేది. ఒకప్పుడు మా నాయనమ్మను నోరారా ‘అత్తా’ అని పిలిచేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆ పిలుపు ఆగిపోయింది.

ఆ ఏడు చలికాలంలో మా అమ్మకు కొడుకు పుట్టాడు. పుట్టకముందే అమ్మ ముచ్చటపడి కొత్త గుడ్డతో చిన్న అంగీ కుట్టి పెట్టుకుంది. మా దిక్కున కడుపులో బిడ్డకు ముందే బట్టలు సిద్ధం చేయకూడదు, కీడంటారు. పుట్టాక కూడా పురుడయ్యేదాకా కొత్త బట్ట ఒంటికి తగలనివ్వరు, పాత మెత్తటి గుడ్డలే చుడతారు. కీడని ఆ పాత గుడ్డలు కూడా ఎవరూ మూట కట్టలేదు. దవాఖాన నుంచి పిల్లవాణ్ని నాయన తువ్వాలలో చుట్టి, టాపు లేని టెంపోలో ఇంటికి తెచ్చారు. మర్నాడు గోడవతలామె చూడటానికి వచ్చింది. పాదాలు పట్టుకుని చూసి, ‘అత్తా, పిల్లగాని కాళ్లు సల్లగున్నయ్, ఆ అంగీ తొడుగు’ అంది. నాయనమ్మ ఒప్పుకోలేదు. మూడో రోజు పిల్లవాడు పోయాడు.

శవాన్ని ముందు పెట్టుకుని నాయనమ్మ శోకాలు పెట్టింది. కోడలు ముందే అంగీ కుట్టబట్టే ఇంత పని జరిగిందని ఊరందరి ఎదుట అమ్మనే తప్పుపట్టింది. అప్పుడు గోడవతలామె లేచి నిలబడి, ‘అంగీ కుట్టినందుకు గాదు, తొడగనందుకు సచ్చిండు’ అనేసి వెళ్లిపోయింది. ఎవరిది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. మూడు రోజుల బిడ్డ ఎందుకు పోయాడో చెప్పే డాక్టరు మాకెవరూ లేరు. కానీ ఆ ఒక్క మాటకు రెండిళ్లూ బద్ధశత్రువులైపోయాయి.

రెండేళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చూసుకుంటే తిట్టుకోవడానికే. మా చెత్త వాళ్ల వాకిట్లోకి, వాళ్ల బూడిద మా వాకిట్లోకి పడేది. నేను వాళ్ల రేకుల మీద గులకరాళ్లు విసిరితే నాయనమ్మ చూసీ చూడనట్టు కూర్చునేది. గోడవతలామే మా ఇంటి ఉసురు తీసిందని నాయనమ్మ అంటుంటే నిజంగానే నమ్మాను. నమ్మి, కడుపునిండా ద్వేషించాను.

అప్పుడు అమ్మ మళ్లీ నీళ్లోసుకుంది. నెలలు లెక్కపెడితే కాన్పు మళ్లీ చలిలోనే. ఈసారి నాయనమ్మ కట్టడి ఇంకా గట్టిది. గుడ్డపేలిక కూడా పక్కన పెట్టడానికి లేదు. పాత చీరలన్నీ ఇనుప పెట్టెలో వేసి తాళం పెట్టి, తాళంచెవి నడుముకు కట్టుకుంది. అమ్మ ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసుకుని, ‘దీన్ని దేంట్ల సుట్టి తెస్తరో’ అంది. నాతో కాదు, పొయ్యితో చెప్పుకుంది. ఈ బిడ్డ కూడా పోతుందేమోనని మొదటిసారి నాకూ భయం వేసింది.

ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక పొద్దున బోరింగు దగ్గర నీళ్ల కోసం బిందె పెట్టాను. పదిమంది ఆడవాళ్లున్నారు. గోడవతలామె నన్ను చూసి, నాకు వినపడేట్టే మొదలుపెట్టింది. ‘ఆ ముసల్దాని ఇంట్ల సుట్టాలొస్తే కప్పుకోను బొంత గూడ లేదు. పెట్టె నిండ చీరలున్నయంటది. ఏమున్నయ్, అన్ని ఎలుకలు గొట్టిన పేలికలే. ఉంటే తీసి ఒక్క బొంత కుట్టిచ్చి సూపియ్యమను.’ అందరూ నవ్వారు. నా చెవులు కాలిపోయాయి. సగం బిందెతోనే ఇంటికి పరుగెత్తి, ఒక్క మాట పొల్లుపోకుండా, రెండు నేనే కలిపి, నాయనమ్మకు ఒప్పజెప్పాను.

మా నాయనమ్మ ఆకలికి ఓర్చుకునేది, నొప్పికి ఓర్చుకునేది, నలుగురిలో మాట పడితే మాత్రం ఓర్చుకునేది కాదు. అప్పటికప్పుడు పెట్టె తాళం తీసింది. తన మెత్తటి నూలు చీరలు ఏడు తీసి అరుగు మీద పరిచింది, వీధిలో పోయేవాళ్లు చూడాలని. ‘గీ చీరలన్ని ఏసి కుట్టు. దాని కండ్లు పేలిపోవాలె’ అని అమ్మ ముందు పడేసింది.

ఆ మధ్యాహ్నమే గోడవతలామె మా పాక వెనక నా రెక్క పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది, వేళ్ల అచ్చులు పడ్డాయి. ‘పోరీ, మీ అమ్మకు జెప్పు. వాగు నీళ్లల్ల ఉతకొద్దు, కంపెనీ మురికి అండ్లనే కలుస్తది, పిల్లకు ఒళ్లంత దద్దుర్లొస్తయ్. బోరింగు నీళ్లు మసలబెట్టి అండ్ల ఉడకబెట్టాలె. మంచిగ ఎండినంక మూడు చీరలు కోసి, మూరెడు మూరెడు మడతలు బెట్టి బొంత కడుపుల దాయాలె. పిల్లకు సుట్టనీకి కొన్ని, మీ అమ్మకు కొన్ని. ఒక దిక్కు ఊకె టాకాలెయ్యాలె, దారం లాగితే ఊడాలె’ అంది. తర్వాత నా ముఖంలోకి వంగి, ‘గీ మాట ముసల్దాని చెవుల పడ్డదో, నీ నాలిక కోస్త’ అంది.

బోరింగు దగ్గరి తిట్లు ఎందుకో అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆ పెట్టె బతిమాలితే తెరుచుకోదని ఆమెకు తెలుసు. తిడితే తెరుచుకుంటుందని కూడా తెలుసు. ఏ చాడీ ఎంత వేగంగా ఎవరి చెవికి చేరుతుందో లెక్క వేసుకుని, నన్ను చూశాకే నోరు తెరిచింది.

నాయనమ్మకు చెబితే పెద్ద బెల్లం గడ్డే దొరికేది. చెప్పాలని నోటిదాకా వచ్చింది కూడా. గోడవతలామె మీద జాలితోనో మంచి బుద్ధి పుట్టో ఆగలేదు. అమ్మ పొయ్యితో చెప్పుకున్న మాట అడ్డం వచ్చింది. మొత్తానికి అమ్మకే చెప్పాను. అమ్మ చీరలు నాకిచ్చి బోరింగు దగ్గరికి పంపింది. చలికాలమని, బొంత శుభ్రంగా ఉండాలని నాయనమ్మకు చెప్పి కాగులో ఉడకబెట్టింది. నాలుగు రోజులు అరుగు మీదే కూర్చుని కుట్టింది. నాయనమ్మ పక్కనే ఉండి, గోడవతలికి వినపడేట్టు ‘ఇంక దగ్గర దగ్గర కుట్లెయ్యి’ అని చెబుతూనే ఉంది. ఆమె కునుకు తీసినప్పుడల్లా అమ్మ మడతలు లోపలికి తోసేది.

నొప్పులు ఒక ఆదివారం పొద్దున మొదలయ్యాయి. నాయన జీపు మాట్లాడుకొచ్చాడు. నాయనమ్మ గడపలో అడ్డం నిలబడి అమ్మ సంచి బోర్లించింది. ఒక చీర, చెంబు, దువ్వెన. అంతే ఉన్నాయని చూసుకుని తృప్తిపడింది. బొంత మాత్రం తనే చంకలో పెట్టుకుంది. జీపు సీటు గట్టిగా ఉంటుందని పైకి చెప్పింది గానీ, ఆ బొంతను వీధి పొడుగునా అందరికీ చూపించుకుంటూ పోవాలని ఆమె ఆశ. ఇంట్లో వదిలితే ఏ అల్లరి చేస్తానోనని నన్ను కూడా ఎక్కించారు.

దవాఖానలో మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. ఎండ వచ్చినా నేల మంచులా ఉంది. చాలాసేపటికి లోపల ఏడుపు వినపడింది. నర్సమ్మ తలుపు తీసి, ఆడపిల్ల అని చెప్పి చెయ్యి చాపింది. ‘బట్టలేవి? పాతయి, ఉతికినయి. జల్దీ.’ నాయనమ్మ జీపు దుమ్ము కొట్టుకున్న తన కొంగే చింపబోయింది. ‘గా మురికి దాంట్లనా పసిపిల్లను సుట్టేది? ఏం ఆలోచన లేకుంట ఎట్లొస్తరమ్మా మీరు’ అని నర్సమ్మ విసుక్కుంది. నలుగురిలో మాట పడి మా నాయనమ్మ కొంగు వెనక్కి దాచుకోవడం నేను చూసింది అప్పుడే.

నేను బొంత లాక్కుని టాకాల కొస పంటితో పట్టి లాగాను. బర్రున విడిపోయింది. లోపలి నుంచి మడతలు మడతలుగా గుడ్డలు బయటపడ్డాయి, ఎండ వాసనతో. నర్సమ్మ రెండు గుప్పిళ్ల నిండా తీసుకుని లోపలికి పోయింది.

నాయనమ్మ నేల మీద మిగిలిన గుడ్డను తీసి అంచు చూసుకుంది. అది తన చీరే. ‘ఎవరు జెప్పిండ్రే?’ అంది. అబద్ధం ఆడటం నాకు కొత్త కాదు, ఆడొచ్చు. ఎందుకో ఆడలేదు. గోడవతలామె అని చెప్పాను. కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. కాసేపటికి చెల్లెల్ని చుట్టి తెచ్చి ఒళ్లో పెట్టారు. నాయనమ్మ గుడ్డలోకి చెయ్యి దూర్చి రెండు పాదాలూ పిడికిట్లో పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. చివరికి, ‘ఎచ్చగనే ఉన్నయ్’ అంది. ఎవరికి చెప్పిందో తెలియదు. పోయిన తమ్ముడికేమో అని నాకు తర్వాత అనిపించింది.

ఇక రెండిళ్లూ ఒకటయ్యాయనుకుంటున్నారేమో. ఇంటికి వచ్చిన రోజే నాయనమ్మ గోడ దగ్గరికి పోయి, ‘నా చీరలు కోయిచ్చినవ్ గదనే, నీ చేతులు పడిపోను’ అంది. అవతలి నుంచి, ‘మల్ల కానుపైతే మల్ల కోయిస్త, ఏం జేస్తవో చేస్కో’ అని వచ్చింది. పురుడు నాడు మేం గోడ మీది నుంచి అన్నం గిన్నె అందిస్తే, గోడవతలామె మేం చూస్తుండగానే దాన్ని బర్రెకు పెట్టింది. నాయనమ్మ పోయేదాకా ఇద్దరికీ పడలేదు. కానీ చెల్లెలు గోడెక్కి అవతలికి దూకితే మాత్రం మా ఇంట్లో ఎవరూ వెనక్కి పిలిచేవారు కాదు.

పెద్దదాన్నై నేనూ ఆ మందుల కంపెనీలోనే పనికి చేరాక, ఒకసారి టిఫిన్ల దగ్గర గోడవతలామెను అడిగాను, అంత పగ పెట్టుకుని అదంతా ఎందుకు చేశావని. ‘మీ నాయనమ్మను తల్సుకుంటే ఇప్పటికి గూడ మండుతది నాకు. పిల్ల ఏం జేసింది?’ అంది. అని, నా పచ్చడి బాగాలేదని కూడా అంది.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ఇదే. ఇష్టం పుట్టేదాకా ఆగి మేలు చేయాలంటే నా బతుకులో నేను ఎవరికీ ఏమీ చేసి ఉండేదాన్ని కాదు. నాకు మనుషులు అంత తొందరగా నచ్చరు. అందుకే ఉడకబెట్టి, ఆరబెట్టి, కోసి పెట్టిన పాత నూలు గుడ్డల మూట ఒకటి మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది. ఈ కాలం పిల్లలు కాన్పుకు ఏమేం కావాలో ఫోన్లో చూసి రెండు బ్యాగులు సర్దుకుంటారు, నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ.

మా ఎదురింటామెతో నాకు పదకొండేళ్లుగా మాటల్లేవు. పోయిన నెల ఆమె కూతురికి రోజులు నిండకముందే నొప్పులొచ్చాయి, ఇల్లంతా పరేషాన్, ఉత్త చేతులతో ఆటో ఎక్కారు. నేను మూట తీసుకుపోయి ఆమె ఒళ్లో పడేసి వచ్చాను.  వారం తిరక్కముందే మళ్లీ నా గేటుకు అడ్డంగా స్కూటరు పెట్టించింది, నేనూ బయటికి వచ్చి అడగాల్సినవన్నీ అడిగాను. ఆమె మనవడు మాత్రం గట్టివాడు. మధ్యాహ్నం నేను నడుం వాల్చే వేళకు సరిగ్గా గుక్కపెట్టి ఏడుస్తాడు. అయినా తలుపు తీసే ఉంచుతాను.