వెనుక జలాల్లో మూడు తిప్పలు

రెండేళ్ల కిందట నా రక్తపరీక్ష రిపోర్టు నేనే టైపు చేసుకున్నాను. కర్నూలులో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను కాబట్టి, ఆ అంకెకు అర్థమేంటో నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. షుగర్ మొదలైంది. మర్నాటి నుంచే పొద్దున్నే జగన్నాథగట్టు ఎక్కడం మొదలుపెట్టాను. అక్కడ పరిచయమైనవాళ్లే బాషా భాయ్, విజయ్. బాషా భాయ్ కరెంటు లైన్‌మన్‌గా రిటైరయ్యాడు. ముప్పయ్యేళ్లు స్తంభాలెక్కిన మనిషి, పిట్ట ఎంత దూరాన ఉన్నా రెక్క ఆడించే తీరు చూసి ఏదో చెప్పేస్తాడు. విజయ్‌ది సెల్‌ఫోన్లు బాగుచేసే షాపు. రెండేళ్లు డబ్బు కూడబెట్టి పొడుగాటి లెన్సు ఒకటి కొనుక్కున్నాడు. శ్రీశైలం వెనుక జలాల్లో ఎండాకాలం బయటపడే తిప్పల మీదికి పోదామన్నది అతనే. నాలుగో మనిషి కావాలంటే నా చిన్ననాటి స్నేహితురాలు భారతిని పిలిచాను. ఎమ్మిగనూరులో వాళ్ల ఇంటిల్లిపాదీ మగ్గం మీదే బతుకుతారు. "పొద్దస్తమానం మగ్గం గుంతలో కూర్చుని కాళ్లు మొద్దుబారినాయి, యాడికైనా సరే వస్తా" అంది.

మార్చి చివరి ఆదివారం బయల్దేరాం. కారు, డ్రైవరు, డీజిలు కలిపి రోజుకు మూడున్నర వేలు. పడవ ఒడ్డున చేపలు పట్టే మద్దిలేటిది. ఒక పూటకు మూడు వేలు, మధ్యాహ్నం భోజనానికి ఆయన భార్య సుంకమ్మకు మనిషికి రెండు వందలు. తెల్లవారుజామున నాలుగున్నరకు కర్నూలు వదిలితే ఐదుంబావుకి నందికొట్కూరు. అప్పుడే మొదటి వాయి బొరుగుల ఉగ్గాని దించుతున్నారు. ప్లేటు నలభై, రెండు మిరపకాయ బజ్జీలతో. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డుకు ఇంకో ముప్పావుగంట. సంగమేశ్వరం గుడి నీళ్లలోంచి బయటపడే రోజులు కాబట్టి ఆ దారిలో ఆదివారాలు బండ్లు ఎక్కువ. ఆరున్నరకల్లా ఒడ్డుకు చేరితే రద్దీ తగలదు. ఒక్క మాట: అవతలి నల్లమల ఒడ్డు పులుల అభయారణ్యం. అటు దిగాలంటే అటవీశాఖ అనుమతి ఉండాలి. మేము అటు పోలేదు.

మద్దిలేటికి యాభై దాటి ఉంటాయి. తక్కువ మాట్లాడతాడు. లైఫ్ జాకెట్లు వేసుకునేదాకా ఇంజను తాడు లాగలేదు. సుంకమ్మ ముందు కూర్చుంది, చేతిలో పొడుగాటి వెదురు గడ. "తిప్పలు చూడను పోతాండాము, తిప్పలు పడకుండా తిరిగి రావల్ల" అన్నాడు బాషా భాయ్. ఎవరూ నవ్వకపోతే ఆయనే నవ్వుకున్నాడు.

మొదటి తిప్ప ఇరవై నిమిషాల దూరం. అంతా బండలే. ఇంకా నూరు గజాలుండగానే మద్దిలేటి ఇంజను ఆపేశాడు. సుంకమ్మ గడ వేస్తుంటే పడవ చప్పుడు లేకుండా జరిగింది. మాకేమీ కనిపించలేదు. భారతి నా మోచెయ్యి పట్టుకుంది. "ఆ నల్ల బండ పక్కన చూడు, కదుల్తాండాది." నీటికుక్కలు! నాలుగు. ఒకటి చేపను రెండు ముందుకాళ్లతో పట్టుకుని తల దగ్గర్నుంచి నములుతోంది. కొరికిన శబ్దం మాదాకా వినిపించింది. అంత దూరాన ఎలా కనిపించిందని భారతిని అడిగితే, "రెండువేల పోగుల్లో తెగిన పోగును చూసే కండ్లే ఇవి" అంది. నీటికుక్కలు వలలు కొరుకుతాయని మద్దిలేటికి వాటి మీద కోపమే. అయినా అవి నీళ్లలోకి జారిపోయేదాకా ఇంజను వెయ్యలేదు.

రెండో తిప్ప అసలు ఒక గుట్ట. నీళ్లు నిండినప్పుడు కూడా దాని తల మునగదట. ఏడున్నరకు దిగి ఎక్కడం మొదలుపెట్టాం. దారంటూ లేదు. మేకలు తొక్కిన జాడ పట్టుకుని బలుసు పొదల మధ్య, రేగుముళ్లు తప్పించుకుంటూ పోవాలి. పైకి నలభై నిమిషాలు, దిగడానికి అరగంట. పల్చటి చెప్పులతో వస్తే కష్టం. కిందంతా పలుకురాళ్లు. సగంలో రెండు కౌజు పిట్టలు మా కాళ్ల దగ్గర్నుంచి బుర్రుమని లేస్తే గుండె ఆగినంత పనైంది. పైనుంచి చూస్తే ఒకవైపు నల్లమల నీలంగా, ఇంకోవైపు ఎండిపోయిన జొన్నచేలు, మధ్యలో అంతా నీళ్లు. భారతి చెప్పులు విప్పి బండ మీద కాళ్లు చాపుకుని, "ఇంత దూరం చూసి ఎన్నాళ్లయిందో" అంది. మామూలుగా ఆమె చూపు మూరెడు దూరంలోనే ఉంటుంది.

మూడో తిప్ప విజయ్ కోసం. తల మీద నల్ల టోపీ పెట్టినట్టుండి, ముక్కు పసుపుగా ఉండే తెల్లటి నీటిపిట్టలు అక్కడ వాలతాయి. పుస్తకాల్లో రివర్ టెర్న్ అంటారు. సుంకమ్మ వాళ్లు ఏటిపిట్ట అంటారు. చెట్టూ చేమా లేని ఇసుక మేట. రెండు వారాల కిందట మద్దిలేటి వచ్చినప్పుడు అక్కడ గూళ్లేమీ లేవు. అందుకే గొడుగులు పాతుకుని అరగంట కూర్చుని ఫొటోలు తీసుకోవచ్చు అనుకున్నాం. మేము చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది, ఎండ చురుక్కుమంటోంది. పడవ దగ్గరవుతుండగా పిట్టలన్నీ ఒక్కసారిగా లేచి మా తలల మీద అరుస్తూ తిరగడం మొదలుపెట్టాయి.

తప్పు చేసింది నేను. పడవలో కూర్చుని కూర్చుని కాలు తిమ్మిరెక్కింది. పడవ ముక్కు ఇసుకను తాకీ తాకగానే దూకేశాను. "దిగాకు తల్లీ, నిలబడు! ముందు నేను దిగి చూస్తా" అని సుంకమ్మ వెనకాల కేకేసింది. అప్పటికి నాలుగడుగులు వేసేశాను. నాలుగో అడుగు కింద ఏదో చిట్లింది. పలచటి పెంకు చప్పుడు. కాలు తీసి చూస్తే ఇసుక రంగులోనే ఉన్న గుడ్డు, మీద గోధుమ రంగు చుక్కలు, పచ్చసొన ఇసుకలోకి ఇంకుతోంది. దాని పక్కనే ఇంకో రెండు బాగానే ఉన్నాయి. గూడంటూ ఏమీ లేదు. చేత్తో ఒత్తినట్టు చిన్న పల్లం, అంతే.

పడవ వైపు తిరగబోయాను.

"కదలాకు" అంది భారతి పడవలోంచి. "నీ ఎడమపక్క మూడుండాయి. ముందర రెండు. ఆ పుల్ల పక్కన ఇంకో మూడు." ఆమె చూపిస్తుంటేనే నాకు కనిపించడం మొదలైంది. తిప్పంతా గుడ్లే.

ఈలోగా విజయ్ ఇంకోవైపు నుంచి దిగేశాడు. కాళ్లు చూసుకుంటూ నాలుగడుగులు వేసి, ఒక గూటికి బారెడు దూరంలో బోర్లా పడుకుని కెమెరా పెట్టాడు.

"విజయ్, లే. వెళ్లిపోదాం" అన్నాను.

"ఐదు నిమిషాలక్కా. ఇట్లాంటిది మళ్లీ దొరకదు. నేను దేన్నీ తొక్కలేదు కదా."

"పిట్టలు చూడు, ఎట్లా అరుస్తున్నాయో."

తల తిప్పకుండానే అన్నాడు. "గుడ్డు తొక్కింది నువ్వు. నాకు చెప్తాండావా?"

నిజమే కదా. సుంకమ్మ మోకాలి లోతు నీళ్లలోకి దిగి నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఏమప్పా, ఆ ఇసుక మీద చెయ్యి పెట్టి చూడు. అరచెయ్యి మొత్తం పెట్టు."

విజయ్ విసుగ్గా పెట్టాడు. రెండు క్షణాల్లో తీసేశాడు.

"కాల్తాండాదా? తల్లి కూర్చుంటే వాటికి నీడ. నువ్వు ఈడ పండుకున్నంతసేపు అది దిగదు. గుడ్డులోనే పిల్ల ఉడికిపోతాది. తొక్కితే ఒకటే పోతాది, ఇట్లుంటే అన్నీ పోతాయి."

విజయ్ కెమెరా మెడలో వేసుకుని లేచాడు. "యాడ పెట్టిన అడుగు ఆడనే పెట్టుకుంటా రాండి" అంది సుంకమ్మ. మా అడుగుల్లోనే మేము వెనక్కి నడిచాం. నాలుగంటే నాలుగే అడుగులు, గుట్ట దిగడం కంటే ఎక్కువసేపు పట్టినట్టు అనిపించింది.

మద్దిలేటి పడవను దూరంగా, ఇసుక మీద అడుగులు కనబడనంత దూరం తీసుకుపోయి ఇంజను ఆపాడు. బాషా భాయ్ బైనాక్యులర్ నా చేతికిచ్చాడు. "చూడు చెల్లెమ్మా, నువ్వే చూడాల." నేను తొక్కిన చోటుకు గుర్తుగా పక్కన ఎండిన తుమ్మకొమ్మ ఒకటుంది. పిట్టలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఆ కొమ్మ దగ్గరికి మాత్రం ఏదీ రావడం లేదు. వాచీ చూసుకున్నాను. ఐదు నిమిషాలు. ఏడు. ఎనిమిదో నిమిషంలో ఒక పిట్ట నీళ్ల మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ పొట్టను నీళ్లలో ముంచింది. ఒకసారి కాదు, మూడుసార్లు. చేప కోసమేమో అనుకున్నాను. తిన్నగా కొమ్మ దగ్గరికి పోయి దిగింది. పగిలిన పెంకు చుట్టూ ఒకసారి నడిచింది. పెంకు ముక్కను ముక్కుతో ఎత్తుకుని ఎగిరి నీళ్లలో పడేసి వచ్చింది. మళ్లీ పొట్ట తడుపుకుని, ఆ తడితోనే మిగిలిన రెండింటి మీద కూర్చుంది.

"చల్లగా ఉంచుకుంటాది, తడి బట్ట కప్పినట్టు" అంది సుంకమ్మ. విజయ్ లెన్సు పిట్టల వైపు లేదు, ఒళ్లోనే ఉంది.

పదకొండుకు ఒడ్డుకు చేరాం. సుంకమ్మ పొద్దున్నే చేసిపెట్టిన చేపల పులుసు వేడిచేసి, జొన్నరొట్టెలు అప్పటికప్పుడు కాల్చి పెట్టింది. నాకు రెండో రొట్టె దిగలేదు. "తిను తల్లీ" అంది. "మా ఆయన గడ కింద కూడా ఒకసారి గుడ్లు పోయినాయి. ఇప్పుడు నేను దిగంది ఆయన దిగడు." విజయ్ కంచం పట్టుకుని నా పక్కకొచ్చి కూర్చున్నాడు. "అక్కా, ఆ మాట అనకుండా ఉండాల్సింది." నేను తల ఊపాను. కెమెరా తెర చూపించాడు. పడుకున్నప్పుడు తీసింది ఒకటే ఉంది. దగ్గరగా రెండు గుడ్లు, వాటి వెనకాల మసకగా నా షూ అచ్చు. "తీసెయ్యమంటావా?" అన్నాడు. వద్దన్నాను, నాకు పంపమన్నాను. ఆ ఫొటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది.

మూడు వారాల తర్వాత సుంకమ్మకు ఫోన్ చేశాను. "లేచినాయమ్మా, శానా పిల్లలు లేచినాయి" అంది. తుమ్మకొమ్మ దగ్గరి రెండూ లేచాయా అని అడిగితే, "అవన్నీ ఒకటే మాదిరి ఉంటాయి, పడవ కనబడితే ఉరుకుతాయి. ఏవి యావో ఎట్ల చెప్పేది?" అని నవ్వింది. తెలుసుకోవాలని చాలా ఉంది, ఇక తెలియదు. నా ఆరోగ్యం కోసం నడక మొదలుపెట్టి, నడుస్తున్న నేల ఎవరిదో అడగకుండా ఇంత దూరం వచ్చాను. పడవవాళ్లు మమ్మల్ని మోసం చేయలేదు, నిర్లక్ష్యంగానూ లేరు. ఒక్క కేక వినేంతసేపు నేను ఆగలేదు, అంతే. భారతి మళ్లీ ఎప్పుడు పోదాం అంటోంది. నీళ్లు నిండాక, గుట్ట తిప్ప ఒక్కటే ఎక్కి వద్దామనుకుంటున్నాం.

మీరు వెళ్లేటట్టయితే ఒక సలహా: ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా, తేదీ ఖాయం చేసుకునే ముందే పడవవాళ్లకు ఫోన్ చేసి ఏ తిప్ప మీద పిట్టలు గుడ్లు పెట్టాయో అడగండి. ఇసుక తిప్పలైతే దిగకుండా పడవలోంచే చూడండి. మామూలు బైనాక్యులర్ ఉన్నా చాలు, అన్నీ కనిపిస్తాయి.