ఊరి పేరొక్కటి చాలు

వడ్డేపల్లి సుహాసినికి కోపమొస్తే ఎదుటివాడు ఎంతటివాడైనా కడిగి పారేస్తుంది. విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి పోయే ఎస్తేరమ్మ కూతురు మరి! సాయంత్రం మొగ్గల్లోని మగకేసరాలు గిల్లి, తెల్లారి వేరే మొక్క పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దే పని అది. మధ్యలో వాన పడిందా, గిల్లినవన్నీ వృథా. అందుకే గద్వాలలో ఉద్యోగం చేసుకుంటూనే, మర్నాటి వానను అంచనా కట్టే లైబ్రరీ ఒకటి, ఎవరి ప్రోగ్రాములోనైనా పెట్టుకునేలా, కాట్లిన్ అనే కంప్యూటర్ భాషలో రాసింది. ఊరి పేరొక్కటి ఇస్తే చాలు. ఎంత చినుకైతే వాన కింద లెక్కో, అలాంటివన్నీ అదే చూసుకుంటుంది.

రైతుల ఫోన్లకు కబురు పంపే ప్రోగ్రాము వనపర్తి భానుప్రకాశ్‌ది. సుహాసిని లైబ్రరీనే వాడుతుంది గానీ, రాసింది మాత్రం పాత భాష జావాలో. మొదటి రోజే సుహాసిని సొంతూరు వడ్డేపల్లికి "రేపు వాన, గిల్లకండి" అని పోయింది. కూలీలంతా ఇంటి పట్టున ఉండిపోయారు. తెల్లారితే ఏముంది, చుర్రుమనే ఎండ!

"ఏం చేసినవన్నా? మా అమ్మోళ్ల నోటికాడి కూడు తీసినవ్ గదా!" సుహాసిని ఫోన్లోనే విరుచుకుపడింది.

"నన్నంటవేంది చెల్లే? ఊరి పేరొక్కటి చాలంటివి. నా జావా దిక్కు, ఎంత చినుకైతే వానో అది గూడ, అన్నీ ఇయ్యమంటుంది. తెల్వక సున్నాలు పెట్టిన" అన్నాడు భానుప్రకాశ్.

సున్నా చినుకు కూడా వానే అంటే, ఇక వాన లేని రోజెక్కడిది! నమ్మకం కుదరక తనే జావాలో రాసి చూసింది. నిజమే. కాట్లిన్‌లో వదిలేస్తే వాటంతటవే నిండే ఖాళీలు, జావా నుంచి పిలిస్తే నిండవు. ఇన్నాళ్లూ ఒక్కసారైనా అటువైపు నుంచి చూసుకోలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

వెతికి, వానను లెక్కగట్టే ఫంక్షన్ నెత్తిన జేవీఎం ఓవర్‌లోడ్స్ అన్న ఒక్క మాట, కాట్లిన్‌కు ఇచ్చే సూచనలాంటిది, పెట్టింది. లోపలి లెక్క ఇసుమంతైనా ముట్టలేదు. మళ్లీ జావా తెరిచిందో లేదో, అబ్బ! ఊరి పేరొక్కటే అడిగే పిలుపు అక్కడ సిద్ధంగా ఉంది. తాను రాయనిది, కోడ్‌ను యంత్రం భాషలోకి మార్చే కంపైలరే రాసిపెట్టింది. జావా వైపు నుంచి వచ్చేవాళ్లుంటారని, కాట్లిన్‌ను తయారుచేసిన, ముఖమైనా తెలియని మనుషులెవరో ముందే ఆలోచించి ఉంచారు! కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడింది.

భానుప్రకాశ్ సున్నాలు తీసేసి ఊరి పేరొక్కటే ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం "రేపు వాన లేదు" అని కబురు పోయింది. పొద్దు వాలుతుండగా ఎస్తేరమ్మ ఫోన్ చేసింది.

"ఊరు ఊరంత గిల్లుతుంది బిడ్డా."

"మొన్న తప్పు చెప్పింది గదమ్మా, ఎట్ల నమ్మిన్రు?"

"నా బిడ్డ సరిజేసిందని ఇల్లిల్లు తిరిగి నేనే చెప్పిన."

సుహాసిని అప్పుడే వడ్డేపల్లికి పొద్దుటి బస్సు వేళ చూసుకుంది.

మర్నాడు మొదటి బస్సుకే చేను చేరింది. ఎండ కాస్తోంది. సాలు పొడుగునా ఆడవాళ్లు పువ్వు పువ్వుకూ పుప్పొడి రుద్దుతున్నారు. ఎస్తేరమ్మ తలెత్తకుండానే కూతురి చేతిలో పుప్పొడి రుద్దేందుకు ఒక మగపువ్వు పెట్టింది.

"వచ్చినవా? జర ఆ సాలు పట్టు. ఎండ ముదరక ముందే అయిపోవాలె."