ఏసన్న అడిగిన అరుగు

ఇది ఇంట్లో కూడా చెప్పలేదు. ఏళ్లుగా ఏసన్న ఎదురుపడిన ప్రతిసారీ చెప్పేద్దామనుకుంటాను. నవ్వి తప్పుకుంటాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

మాది కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లె. పదో తరగతితో బడి మానేశాను. తర్వాత చదివిందంతా కోయిలకుంట్ల గ్రంథాలయంలోనే. భవనాల రూపకల్పన మీద పుస్తకాలంటే నాకు పిచ్చి. ఊళ్లో ఇల్లు కట్టే ప్రతివాడికీ అడగకపోయినా సలహా చెప్పేవాడిని.

మా ఊళ్లో చర్చి ఉన్న పేటకు ప్రభుత్వం సామాజిక భవనం మంజూరు చేసింది. నమూనా ఖరారు చేసేముందు ఊరివాళ్ల అభిప్రాయం వినాలని ఆ పథకంలో నిబంధన. తీరా ఆ సమావేశం పనిరోజున మండల ఆఫీసులో పెట్టారు. పేటలో అందరూ కూలికి పోయేవాళ్లే. ముందురోజు పేట పెద్ద ఏసన్న మా ఇంటికి వచ్చాడు.

“ఏమప్పా, అన్ని పుస్తకాలు నమిలితివి కదా, రేపు మా మాట నువ్వే చెప్పాల. మాకు అద్దాలు గిద్దాలు వద్దు. మందం గోడలు, నాపబండల మిద్దె, ముందర పొడుగ్గా అరుగు. పెండ్లికైనా సావుకైనా జనం కూసునేది ఆడనే.”

“చెప్తాలేన్నా.”

“ఆడ పెద్ద పెద్ద మాటలు దంచి మా అరుగు మింగేస్తావేమో, సూసుకో!” నవ్వుతూ పోయాడు.

సమావేశంలో ఇంజినీరు రంగుల బొమ్మ చూపించాడు. ముందంతా అద్దాలు. అచ్చం పుస్తకాల్లో నేను చూసి మురిసిపోయిన భవనమే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మీలాంటి చదువరి ఊరికొకరుంటే చాలన్నాడు. ఒప్పుకుంటే పైన చదువుకునే గది కూడా కట్టిస్తామన్నాడు. అంతవరకు ఏ అధికారీ నన్ను కూర్చోమనలేదు. మందం గోడల మాట ఎత్తితే నన్నూ మొరటువాడి కింద జమకడతాడని భయపడ్డానా? గది మీద ఆశా? రెండూనా? లేచి, పేటవాళ్లందరికీ ఇదే కావాలని చెప్పాను.

సాయంత్రం ఏసన్నతో, అధికారులు వినలేదన్నాను.

అద్దాల భవనం లేచింది, పై గది మాత్రం రాలేదు. నిధులు అంతవరకే అన్నారు. అడగబోతే ఆ ఇంజినీరు నన్ను గుర్తుపట్టను కూడా లేదు. ఆ మోసానికి చాలాకాలం కుమిలిపోయాను. నాకు జరిగినదాన్ని తలుచుకుంటూ, నేను చేసినదాన్ని దాని వెనకాల దాచుకున్నానేమో.

వేసవిలో ఆ హాలు పెనంలా కాలుతుంది. పోయిన ఎండాకాలం ఏసన్న భార్య చనిపోయింది. హాలు లోపల ఉండలేక, బయట కూర్చునే చోటు లేక, ముసలివాళ్లు కూడా గోడ నీడలో నిలబడే ఉన్నారు. ఎవరో నావైపు తిరిగి, ఆ రోజు నువ్వేం చెప్పినావని నిలదీశారు. అంత దుఃఖంలోనూ ఏసన్నే అడ్డొచ్చాడు.

“ఆయప్పనేమీ అనొద్దండి. ఆయప్ప చెప్పినాడు. గవర్నమెంటోళ్లే ఇన్లేదు.”

నేను తలాడించాను.

అరుగు మాట ఆ సమావేశంలో ఎవరి నోటా రాలేదు. రావాల్సింది నా నోటి నుంచి. ఇది మొదటిసారి బయటపెట్టాను. మనసు కాస్త తేలికైంది. ఏసన్న ఇంకా నన్ను నమ్ముతూనే ఉన్నాడు.