అల్లుడు కంచం ముందు నుంచి లేచిన రోజు

సెప్టెంబరు పదిహేడున, మా భువనగిరి ఇంట్లో కొడుకూ అల్లుడూ అన్నం తింటూ వాదన పెట్టుకున్నారు. నిజాం పాలన పోయిన ఆ రోజును కొడుకు విమోచనమన్నాడు, అల్లుడు విలీనమన్నాడు.

"నీకేం తెల్వది బావా" అని కొడుకు నవ్వేసరికి అల్లుడు కంచం ముందు నుంచి లేచాడు. అలా పోతే నా కూతురి రాకపోకలు కూడా ఆగిపోతాయి.

"కూసో అల్లుడా, కూర పారబొయ్య నేను. ఫోన్ల సూసింది గాదు, మీ ఇండ్లల్ల జరిగింది చెప్పుండ్రి. ఒకలు చెప్తుంటె ఇంకొకలు నములుడే" అన్నాను.

రజాకార్లకు భయపడి జొన్నచేనులో దాక్కున్న మా మామ, అంటే వాడి తాత, ఆ రోజు తర్వాతే ఇల్లు చేరాడని కొడుకు చెప్పాడు. అల్లుడు నములుతూ విన్నాడు.

"అటెన్క గూడ మా తాత దొర గడీల వెట్టి చేసిండు" అన్నాడు అల్లుడు.

కొడుకు ముద్ద మింగి, "ఏం పని చేయించుకున్నరు బావా?" అని అడిగాడు.

ఎవరి మాటా మారలేదు. అల్లుడు మాత్రం మారన్నం అడిగాడు.