కడిగిన కుండ, కడగని తాపీ

మా పక్కింటి మేస్త్రీ పోయాడు. ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానలో, ఊపిరి అందక. అంతకు నాలుగు రోజుల ముందే మా అమ్మాయికి పురావస్తు శాఖలో ఉద్యోగం వచ్చింది. ఏడో తరగతి దాటని నాకు ఆ కాగితం చూసి కాళ్లు నేల మీద నిలవలేదు. సరూర్‌నగర్‌లో మా వీధంతా మిఠాయి పంచాను. ఆ సంతోషంలో సగం ఆయనది. అది చెప్పుకోకపోతే నాకు పుట్టగతులుండవు.

ఆయనకు శుభ్రం ప్రాణం. పని ముగిశాక తాపీ కడగనిదే అన్నం ముట్టడు. "తాపీకి మన్నుంటే పనికి ఇజ్జత్ లేదన్నా" అనేవాడు.

అమ్మాయి పురావస్తు శాస్త్రం చదువుకునే రోజుల్లో ఆయన నగరం బయట ఒక పాత కోటలో టికెట్ల గదికి పునాది తవ్విస్తున్నాడు. నడుం లోతున ఒక కుండ దొరికింది. పునాదిలో దొరికినది అమ్మవారి సొత్తని మేస్త్రీల నమ్మకం. కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, మా ఇద్దర్నీ సంబరంగా తీసుకెళ్లి చూపించాడు.

"మామా, లోపలి మన్నేది?" అంది అమ్మాయి.

"మన్నెందుకు బిడ్డా? మాడిన గింజలు, బొగ్గు ఉండె. బకెట్ నీళ్లు పోసి తోమిన. జూడు, అద్దం లెక్క మెరుస్తుంది!"

"దాని వయసు చెప్పేది ఆ గింజలే మామా." పిల్ల ఏడ్చేసింది.

ఆయన గుంత గట్టున కూలబడ్డాడు. "ఎవరి అన్నమో గది. ఒక్క బకెట్ నీళ్లతోని ఖతం చేసిన గదా!"

రెండు నెలలకు, ముసురులో, అదే పునాదిలో రెండో కుండ కనబడింది. తాపీ మొన తగలగానే చెయ్యి వెనక్కి తీసుకుని అమ్మాయికి ఫోన్ చేశాడు. ఆమె అధికారులకు చెప్పింది. కాంట్రాక్టర్ మాత్రం కాంక్రీటు పోసెయ్యమన్నాడు. మేస్త్రీ కుండ మీద టార్పాలిన్ కప్పి గుంతలోనే కూర్చున్నాడు.

"ముసలోడా, పెంకులకు కావలి గాస్తున్నవా? లే!"

"పెంకులు గాదు సారూ, ఎవరో అన్నం వండుకున్న కుండ. ఆఫీసర్లొచ్చేదాక లేవ."

మూడో రోజు వాళ్లొచ్చారు. కుండలో మాడిన గింజలు అలాగే ఉన్నాయి. కాకతీయుల నాటివని తేల్చారు. మా అమ్మాయి వాటి మీదే పరిశోధన చేసింది, ఉద్యోగం దానితోనే వచ్చింది.

మేస్త్రీని మాత్రం ఆ తర్వాత ఏ కాంట్రాక్టరూ పిలవలేదు. బడంగ్‌పేట్‌లో రాళ్లు కోసే చోట కూలికి కుదిరాడు. ఆ దుమ్మే ఊపిరితిత్తుల్ని తినేసింది.

"మా పిల్లకు ఫోన్ చెయ్యకపోతే నీ పని నీకుండేది" అన్నానొకసారి.

"ఒకసారి ఏడిపించిన గదన్నా. మళ్ల ఏడిపియ్యాల్నా?"

ఉద్యోగం కబురుతో దవాఖానకు పరుగెత్తాను. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి ఒక్కటే అడిగాడు: "గింజలు భద్రమేనా?"

నిన్న పదో రోజు. ఆయన భార్య పనిముట్లన్నీ కడిగి ఫోటో ముందు పెట్టింది. చివరికి పెట్టె అడుగు నుంచి, గుడ్డలో చుట్టిన తాపీ ఒకటి తీసింది.

"గీ ఒక్కదాన్ని నన్ను కడగనియ్యలేదన్నా. కోటల కుండకు తాకింది గిదేనంట."

కడగకుండానే దాన్నీ పెట్టింది. మొనకు ఎర్రమన్ను ఎండి ఉంది. అందులో ఆవగింజంత బొగ్గు.