పెట్టె మీద ఎర్ర దారం

ఈ ఉదయం పాప బుగ్గలకు వ్యాజిలీన్ రాయబోతూ డబ్బా మూత తీశాను. వాసన అనడానికి కూడా లేని ఆ జిడ్డు వాసన ముక్కుకు తగిలింది. డ్రెస్డెన్‌లో నాలుగు రోజులుగా నీళ్ల గుంటలన్నీ గడ్డకట్టి ఉన్నాయి. పాపను దింపే శిశువిహారానికి, ఇక్కడివాళ్ల మాటలో కీటాకు, నడిచే వెళ్లాలి. "కాల్ట్, మామా," చల్లగా ఉందమ్మా అని జర్మన్‌లో అంటూ పాప మొహం తిప్పేసుకుంది. నాకు మాత్రం ఒక బూడిదరంగు కోడి, దాని తల మీది ఎర్ర తురాయి, దానికి ఇదే వ్యాజిలీన్ నాచేత అద్దించిన అప్పటి ఇంటి యజమానురాలు ఫ్రౌ బోడె గుర్తొచ్చారు.

క్లాస్తాల్‌లో చదువుకునేటప్పుడు ఆవిడ ఇంట్లో పై గదిలో అద్దెకుండేదాన్ని. డెబ్బై దాటిన మనిషి, ఒంటరి. ఇంటి వెనక చెక్కల కొట్టంలో ఎనిమిది కోళ్లు. మోకాలు నొప్పిగా ఉన్న రోజుల్లో వాటిని చూసుకుంటానంటేనే గది ఇస్తానన్నారు. సెమిస్టర్ మధ్యలో ఆ కొండల ఊళ్లో మరో గది దొరకడం కల్ల, అందుకని ఆవిడ చెప్పిన ప్రతిదానికీ "యా, యా" అంటూ తలూపాను. అందులో "లూఫ్టెన్" అనే మాట నాలుగైదుసార్లు వినబడింది. అర్థం కాలేదు. అడిగితే జర్మన్ రాదని గది ఇవ్వరేమోనని దానికీ తలూపాను.

నాకు అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. కరీంనగర్‌లో పాలవాడి కొలపాత్రను కూడా నమ్మేదాన్ని కాదు. అలాంటిది, క్లాసు నుంచి వచ్చేసరికి రోజూ నా గది కిటికీ బార్లా తెరిచి ఉండేది. బయట మైనస్ పన్నెండు, లోపల దుప్పటి మంచుగడ్డ. నేను లేనప్పుడు ఈవిడకు నా గదిలో ఏం పని? ఫోన్‌లో అమ్మకు చెప్పాను.

"ఎవరు, ఆ బొడ్డెమ్మనా?" అంది అమ్మ. బోడె అనే పేరు ఆమె నోట అలాగే స్థిరపడిపోయింది. "ఏమన్న దేవులాడుతుందేమో బిడ్డా. పెట్టెకు తాళమెయ్యి. కిటికీలు బంద్ వెట్టుకో, చలిగాలి తాకితే సర్దైతది."

తాళం పోయి చాలా రోజులైంది. అందుకని నా ఎర్ర స్వెటరు నుంచి ఒక పోగు లాగి పెట్టె మూత మీద అడ్డంగా పెట్టాను. తెరిస్తే కింద పడాలి. సాయంత్రం చూస్తే పెట్టినచోటే ఉంది. మర్నాడూ ఉంది. చూశారా నా బుద్ధి, ఈవిడ వెతికాక దారాన్ని మళ్లీ సర్దిపెడుతోందని అనుకున్నాను తప్ప, అసలు వెతకలేదేమోనన్న ఆలోచనే రాలేదు.

కోళ్ల విషయంలోనూ ఆవిడ మీద నాకు మంచి అభిప్రాయం లేదు. కొట్టం కప్పు కింద రెండు పక్కలా జాలీ కొట్టిన కంతలుండేవి. అంత చలిలోనూ వాటిని మూయరు. "మూస్తే ఏం?" అని అడిగాను. "మూయకూడదు. లూఫ్టెన్," అన్నారు. మళ్లీ అదే మాట. పిసినారితనానికి జర్మన్‌లో అలా అంటారు కాబోలు అనుకున్నాను.

ఫిబ్రవరిలో ఆవిడ రెండు రోజులు చెల్లెలి ఊరికి వెళ్లారు. చలి మైనస్ పద్దెనిమిదికి దిగింది. మా ఇంట్లో చలికాలం చెవుల్లో దూది పెట్టుకోకుండా గడప దాటనివ్వరు. నేనూ నిచ్చెన వేసి ఒక కంతలో గోనెసంచి, మరోదాంట్లో నా ఎర్ర స్వెటరు కుక్కాను. పుణ్యం చేశానన్న తృప్తితో పడుకున్నాను.

రెండోరోజు ఉదయం తలుపు తీయగానే ఘాటైన రెట్ట వాసన కళ్లలో కొట్టింది. గోడలన్నీ చెమ్మ, ఆ చెమ్మ మీద మంచు. గడ్డి తడితడిగా ఉంది. బూడిదరంగు కోడి ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంది. తురాయి కొసలు పాలిపోయి ఉన్నాయి, శ్వాస గురగురమంటోంది. సంచీ, స్వెటరూ లాగేసి మంచం కింద దాచాను. కోడి చస్తే నా గది పోయినట్టే.

మధ్యాహ్నం ఆవిడ వచ్చారు. గడ్డి కిందికి చేయి పోనిచ్చారు, గోడ తడిమారు, అరచేయి వాసన చూసుకున్నారు. అప్పుడడిగారు, "కంతలు ఎవరు మూశారు?"

"నాకు తెలియదు," అన్నాను, తేలు కుట్టిన దొంగలా.

ఆవిడ నిచ్చెన ఎక్కలేరు కాబట్టి కిందనుంచే కర్రతో జాలీని గీకారు. ఎర్ర పోగు ఒకటి రాలింది. దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని, "ఇలాంటిదే మీ పెట్టె మీద రోజూ చూస్తాను. తగలకుండా పక్కనుంచి వెళ్లి కిటికీ తెరుస్తాను," అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. మోకాలు పట్టుకుని మెట్లెక్కి నా గదికి వచ్చి, నా చేయి తీసుకుని బీరువా వెనక గోడకు ఆనించారు. తడి, నల్లటి బూజు. తలుపులన్నీ బిగించుకుని నేను అన్నం వండుకున్న ఆవిరి, బట్టలారేసిన చెమ్మ, అన్నీ అక్కడే చేరాయి.

"చలికి కోళ్లకేం కాదు. ఈకలున్నాయి. తడి ఉంటేనే ప్రమాదం, తురాయి గడ్డకడుతుంది. లూఫ్టెన్ అంటే ఇదే, గాలి ఆడనివ్వడం. మొదటిరోజే చెప్పాను, మీరు సరేనన్నారు."

"గది ఖాళీ చేయాలా?" అని అడిగాను.

"ముందు కోడిని పట్టుకో," అన్నారు. మనకులాగే జర్మన్‌లోనూ మీరు, నువ్వు వేరు. అప్పటిదాకా నన్ను 'మీరు' అనే పిలిచేవారు.

దాన్ని ఆరిన గడ్డి వేసిన అట్టపెట్టెలో మెట్ల కింద ఉంచాం. తురాయికి వ్యాజిలీన్ పూస్తుంటే ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. "రుద్దకు. అద్దు." పది రోజులు అలాగే అద్దాను. కొసలు నల్లబడి రాలిపోయాయి, కోడి మాత్రం బతికింది. నేను ఆ ఇంట్లో మరో రెండేళ్లున్నాను.

అనుమానం ఇప్పటికీ పోలేదు. కాకపోతే ఆవిడలా ముందు చేయి పెట్టి చూస్తాను. బుద్ధిలో మా పాప నాకు ఏం తీసిపోలేదు. తన గదిలోకి ఎవరైనా వెళ్తున్నారేమోనని గుమ్మం మీద చెక్క జంతువులను వరసగా నిలబెడుతుంది. ఇందాక తను బూట్లు తొడుక్కుంటుండగా వాటి మీదుగా జాగ్రత్తగా అడుగేసి, కిటికీ తెరిచి, అలాగే బయటికొచ్చాను. పాప పరుగెత్తుకొచ్చి వంగి చూసింది. ఒక్కటీ పడలేదు.